నాయనమ్మ కూర్చున్న మెట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బేస్‌బాల్ చూడటం పెద్ద తంతు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏం తొడుక్కోవాలో, దేంట్లో కాఫీ తాగాలో, అన్నిటికీ ఒక పద్ధతి ఉండేది. అప్పుడు మేం టొరంటోకి దగ్గర్లో మిల్టన్‌లో ఉండేవాళ్ళం. ఒకదానికొకటి ఆనుకుని వరసగా కట్టిన కొత్త ఇళ్ళలో మాదొకటి. నాన్న రోజూ రైలెక్కి టొరంటో వెళ్ళి ఉద్యోగం చేసుకుని వచ్చేవాడు. అమ్మ మందుల షాపులో పనిచేసేది. తాతయ్య ఎక్కడో దూరాన రెజైనా అనే ఊళ్ళో చాలా ఏళ్ళు డాక్టరుగా చేసి, రిటైరయ్యాక నాయనమ్మతో కలిసి మా దగ్గరికి వచ్చేశారు. కింద బేస్‌మెంట్‌లో కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అన్న అద్దెకుండేవాడు. ఆట ఉన్న రోజు ఏదో ఒకటి చెప్పి పార్ట్‌టైమ్ పనిలో షిఫ్టు మార్పించుకుని మరీ పైకి వచ్చేవాడు.

తాతయ్యకు ఈ పిచ్చి రెజైనాలోనే అంటుకుంది. వయసులో ఉండగా ఆ ఊరు వెళ్ళిన కొత్తలో అక్కడ క్రికెట్ మాట ఎత్తేవాడే లేడట. ఆస్పత్రిలో తోటి డాక్టర్లు రేడియో పెట్టుకుని బేస్‌బాల్ వింటుంటే పక్కన నిలబడి విని విని నేర్చుకున్నారట. క్రికెట్‌ని వదిలేశారు గానీ క్రికెట్ చూసే అలవాట్లను మాత్రం వదల్లేదు. మనవాళ్ళు బాగా ఆడుతుంటే ఎవరూ చోటు మారకూడదు. లేస్తే అవుట్. దీనికి మా ఇంట్లోనే కాదు, మాకు తెలిసిన ప్రతి తెలుగింట్లోనూ ఒకటే పేరు, సెంటిమెంట్. తాయెత్తులు కట్టించుకుని వచ్చే చుట్టాలను కోప్పడే తాతయ్య, ఆట మొదలైతే అంచు విరిగిన నీలం కప్పులో తప్ప కాఫీ ముట్టేవారు కాదు. నాన్న రిమోట్‌ని బోర్లించి తొడ మీద పెట్టుకునేవాడు. బేస్‌మెంట్ అన్న సిరీస్ మొదలైన రోజు వేసుకున్న టీషర్టును ఉతక్కుండా తొడుక్కుంటున్నాడని అమ్మ ముక్కు మూసుకునేది.

ఆ ఏడు టొరంటో జట్టు ఛాంపియన్‌షిప్ సిరీస్‌కి వచ్చింది. ఏడు ఆటలు. ముందు నాలుగు ఎవరు గెలిస్తే కప్పు వాళ్ళది. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ జెండాలు, బడిలో టీచర్ల ఒంటి మీద కూడా జట్టు చొక్కాలే. నాయనమ్మకు మాత్రం ఆ ఆటలో ఓనమాలు కూడా తెలియవు. "ఆ కర్ర పట్టుకున్నవాడు మనవాడా, విసిరేవాడు మనవాడా?" అని ప్రతిసారీ అడిగేది. చెప్తే విని, కాసేపటికి మళ్ళీ అడిగేది.

మొదటి ఆట రోజు ఆమె నాకు జడ వేయడానికి హాల్లో మెట్ల మీద కూర్చుంది. కింది మెట్టు మీద నేను. జడ సగంలో ఉండగా మనవాడు కొట్టిన బంతి కంచె దాటి జనంలో పడింది. తాతయ్య వెనక్కి తిరిగి, "ఇదిగో, నువ్వు అక్కణ్ణించి కదలకు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆమె కూడా నవ్వి, ఆట అయ్యేదాకా నా జడ విప్పుతూ, మళ్ళీ అల్లుతూ కూర్చుంది. మనం గెలిచాం.

తర్వాతి ఆటలో కుక్కరు కూత వేస్తే లేచి వంటింట్లోకి వెళ్ళింది, ఓడిపోయాం. ఇంకోసారి విజయవాడ నుంచి చెల్లెలు ఫోన్ చేస్తే పైగదిలోకి వెళ్ళింది, ఆ ఆటా పోయింది. మరోసారి ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళింది, అదీ పోయింది. గెలిచిన మూడు ఆటలూ ఆమె మెట్టు మీద ఉన్నవే. ఇంకేం రుజువు కావాలి? చూస్తుండగానే నాయనమ్మ మా ఇంట్లో జట్టు కెప్టెన్ కంటే ముఖ్యమైన మనిషైపోయింది. ఆమెకు అది ఎంత సంతోషంగా ఉండేదో నాకిప్పటికీ గుర్తే. అన్నేళ్ళ కాపురంలో తాతయ్య ఆటల్లో ఆమెకు ఎప్పుడూ చోటు లేదు. ఇప్పుడు ఆయనే, "రా రా, నువ్వు రాకపోతే మొదలుకాదు" అని పిలుస్తున్నారు. ఆ పిలుపు కోసం పెందలాడే వంట ముగించి, మంచి చీర కట్టుకుని, కొబ్బరినూనె సీసా, దువ్వెన పట్టుకుని వచ్చేది.

మూడు మూడుతో సమమై సిరీస్ ఆఖరి ఆట దాకా వచ్చింది. అది శనివారం. అమ్మ డ్యూటీలో ఉంది. నాయనమ్మకు పొద్దున్నుంచే నలతగా ఉంది. దవడ లాగుతోందని, పన్ను నొప్పేమోనని బుగ్గన లవంగం పెట్టుకుంది. నా జుట్టు దువ్వుతుంటే ఆ లవంగం వాసన వస్తూనే ఉంది. మన జట్టు ఒక్క పరుగు ముందుంది. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఎనిమిది అయిపోయాక ఆమె, "కాస్త నడుం వాలుస్తానండీ" అంది.

"అమ్మా, అయిపోవచ్చిందమ్మా. ఇంకెంత?" అన్నాడు నాన్న, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

"అమ్మమ్మా, జర ఆగు. ఇప్పుడు నువ్వు లేస్తే మా బతుకు ఆగమే" అని దండం పెట్టాడు బేస్‌మెంట్ అన్న.

అందరూ నవ్వారు. ఆమె లేవబోయి మళ్ళీ కూర్చుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అవతలివాళ్ళు ఒక పరుగు చేసి సమం చేశారు. సమమైతే ఎవరో ఒకరు గెలిచేదాకా అదనంగా ఆడుతూనే ఉంటారు. "నేను కూర్చునే ఉన్నాను కదండీ" అంది నాయనమ్మ, ఎవరూ అడక్కుండానే.

కాసేపటికి నా జుట్టులో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. నా మెడ మీద ఒక నీటిబొట్టు పడింది. వెనక్కి తిరిగి చూస్తే ఆమె మొహమంతా చెమట. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. బయట చలి, ఇంట్లో కూడా అంత వెచ్చగా ఏం లేదు. నాయనమ్మ చేతులు చల్లగా ఉన్నాయి, చెమట పడుతోంది అని తాతయ్యతో చెప్పాను. అప్పట్లో నాకు ఏం చెప్పాలన్నా ఇంగ్లీషే వచ్చేది. గట్టిగానే చెప్పాను. తాతయ్య తల తిప్పలేదు. "చూస్తానమ్మా. ఈ ఒక్క బ్యాటరూ అవనీ" అన్నారు. నాయనమ్మ నా తల నిమిరి, "ఏం లేదులే, ఉక్కపోస్తోంది" అంది.

ఆ బ్యాటర్ అయ్యాడు. ఆ తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత మరొకడు. అవతలివాళ్ళు ఒక పరుగు ఎక్కువ చేశారు. మనవాళ్ళ వంతు వచ్చింది. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు కూడా అయితే ఆట అయిపోయినట్టే. ఒకడు మూడో బేస్ దగ్గర కాచుకుని ఉన్నాడు. వాడు పరుగు పూర్తయ్యే ఆఖరి బేస్‌కి చేరితే సమం, బంతి కంచె దాటితే కప్పు మనది. మనవాడు బంతిని కొట్టాడు. అది చాలా ఎత్తుకు లేచింది. అదే సమయానికి నా వెనక నాయనమ్మ మోకాళ్ళు కదిలాయి. మెట్ల కమ్మీ పట్టుకుని ఆమె లేచి నిలబడింది. బంతి కంచె దాకా వెళ్ళి, అక్కడ నిలబడ్డవాడి చేతిలో పడింది.

హాల్లో ఉన్న ముగ్గురు మగవాళ్ళూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆమె వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. గ్లాసు పగలగొట్టినప్పుడు నా వైపు చూసే చూపు అది. ఎంతోసేపు లేదు, కానీ నాయనమ్మ దాన్ని చూసింది. "ఉండలేకపోయానండీ" అంది. ఆ వెంటనే కమ్మీ వదిలేసి పక్కకు ఒరిగిపోయింది.

తాతయ్య వచ్చి నాడి పట్టుకున్నారు. జీవితమంతా రోగుల చేతులు పట్టుకున్న మనిషి, ఆస్పిరిన్ సీసా మూత తీయబోయి మాత్రలన్నీ నేల మీద పారబోశారు. అన్న అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చి ఆమెను తీసుకెళ్తే తాతయ్య వాళ్ళతోపాటు ఎక్కారు, నాన్న వెనకాల కారులో వెళ్ళాడు. నేనూ బేస్‌మెంట్ అన్నా మిగిలాం. టీవీలో అవతలి జట్టు ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తూనే ఉంది. ఆపాలని ఇద్దరికీ తోచలేదు. అమ్మ వచ్చాక నా తల చూసి జడ పూర్తి చేయబోతే నేను ఒప్పుకోలేదు. ఆ సగం జడతోనే పడుకున్నాను.

ఆస్పత్రిలో నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగారట. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే గుండె ఇంతగా దెబ్బతినేది కాదని అక్కడి డాక్టరమ్మ మెల్లగా చెప్పిందట. ఇదంతా నాన్న ఎన్నో ఏళ్ళ తర్వాత చెప్తే తెలిసింది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడేవారు కాదు.

నాయనమ్మ ఇంటికి వచ్చింది. మెట్లు ఎక్కే ఓపిక లేదు కాబట్టి హాల్లోనే సోఫా జరిపి మంచం వేశారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. నన్ను ఆ ఆయాసం కంటే కూడా మరొకటి భయపెట్టేది. ఆమె ప్రతిదానికీ అడగడం మొదలుపెట్టింది. మంచినీళ్ళకు వెళ్ళాలన్నా, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా, మంచం అంచున కూర్చుని ఎవరో ఒకరి మొహం చూసి, "లేవనా?" అనేది. టీవీ నడవకపోయినా అడిగేది. ఇంట్లో ఎవరూ లేకపోతే నన్ను అడిగేది. చిన్నపిల్లను, నేను సరే అంటే లేచేది.

ఆమెను చూడటానికి చాలామంది వచ్చేవారు. ఒక అంకుల్, పాపం మంచివాడే, యాపిల్స్ తెచ్చి, మంచం పక్కన కూర్చుని, "ఏంటి ఆంటీ, ఇంకో నిమిషం ఓపిక పట్టి ఉంటే కప్పు మనదే కదా!" అని నవ్వాడు. గదిలో అందరూ మర్యాదకి నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. ఆయన వెళ్ళాక తాతయ్యతో, "ఊరంతా చెప్పుకుంటున్నారు కాబోలు. ఇంతమంది పిల్లల్ని ఉసూరుమనిపించాను" అంది. తాతయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి బయట పడుతున్న మంచును చూస్తూ నిలబడ్డారు. ఆయన భుజాలు కదలడం చూసి నేను తల తిప్పుకున్నాను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక తాతయ్య అందర్నీ హాల్లోకి పిలిచారు. బేస్‌మెంట్ అన్నను కూడా రమ్మన్నారు. టీవీలో ఆ ఆఖరి ఆట రికార్డింగ్ పెట్టారు. నాన్న గాభరాపడి, "ఇప్పుడెందుకు నాన్నా?" అన్నాడు. తాతయ్య వినిపించుకోలేదు. నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, "నీ వల్ల ఓడిపోయామనేగా నీ దిగులు? ఇవాళ చూద్దాం. ఇలా కూర్చో. కదలకు" అన్నారు. ఆమె దిండుకు ఆనుకుని, నిజంగానే ఆట జరుగుతున్నట్టు చీర కొంగు బిగించి పట్టుకుని కూర్చుంది. ఆఖరి బ్యాటర్ వచ్చాడు. బంతి లేచింది. కంచె దగ్గరివాడు పట్టేశాడు.

"కదిలావా?" అన్నారు తాతయ్య.

"లేదండీ."

"సరే. ఈసారి లే. నన్ను అడక్కు. ఎటు వెళ్ళాలనిపిస్తే అటు వెళ్ళు."

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టారు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని లేచి, వంటింటి గుమ్మం దాకా నడిచింది. బంతి లేచింది. కంచె దగ్గరివాడు పట్టేశాడు. ఆమె వచ్చి మళ్ళీ మంచం మీద కూర్చున్నాక, మూడోసారి తాతయ్య తనే వెళ్ళి ఆమె మెట్టు మీద కూర్చున్నారు. అంత పెద్దమనిషి మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని ఆ ఇరుకు మెట్టు మీద కదలకుండా కూర్చుంటే బేస్‌మెంట్ అన్నకు నవ్వొచ్చింది. నాయనమ్మకు కూడా వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. బంతి మళ్ళీ అక్కడే పడింది.

"చూశావా? నువ్వు కూర్చున్నా అంతే, లేచినా అంతే. అసలు నువ్వు పుట్టకపోయినా వాడు ఆ బంతి పట్టేవాడు" అన్నారు తాతయ్య గెలిచినట్టుగా.

నాయనమ్మ టీవీ వంక చూస్తూ తల ఊపింది. ఆమె మొహం తేటపడింది. ఆ తర్వాత ఏదో లెక్క తేలినదానిలా, కోపం గానీ నిష్ఠూరం గానీ లేకుండా, "అయితే ఆ రోజు నేను ముందే లేచినా ఏమీ అయ్యేది కాదన్నమాట" అంది.

నాన్న తల దించుకున్నాడు. బేస్‌మెంట్ అన్న అరచేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏ మాట కోసం ఇదంతా చేశారో ఆ మాటే వచ్చింది, కానీ అది ఇలా తిరిగి తనకే తగులుతుందని తాతయ్య ఊహించలేదు. మెట్టు మీంచి లేవలేదు. అక్కణ్ణించే, "ఏమీ అయ్యేది కాదు. లేచి ఉంటే నీకు బాగుండేది" అన్నారు. నా వైపు చూపించి, "ఇది చెప్పింది. నీ చేతులు చల్లబడ్డాయని చెప్పింది. చెవుడు లేదు నాకు, విన్నాను. చెమట, చల్లటి చేతులు, దవడ నొప్పి. వేరేవాళ్ళింట్లో ఎవరైనా చెప్తే పరిగెత్తేవాణ్ణి. విని కూడా ఆట చూశాను" అన్నారు.

మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. అందులోనూ తాతయ్య. అద్దెకున్న కుర్రాడి ముందు, కొడుకు ముందు, నా ముందు ఆ మాట అన్నారు. అప్పటిదాకా నాలో ఒకటే బాధ ఉండేది, నేను ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సిందని. తెలుగులో చెప్పి ఉంటే వినేవారేమోనని కూడా అనుకునేదాన్ని. అది ఎవరికీ చెప్పలేదు, కానీ తాతయ్యకు ఎలాగో తెలిసినట్టుంది. నా వైపు చూసి, "నువ్వు బాగానే చెప్పావమ్మా" అన్నారు. నేను అక్కడే ఏడ్చేశాను.

నాయనమ్మ ఆయన్ని ఏమీ అనలేదు. ఓదార్చనూ లేదు. పర్లేదులెండి అంటుందని నేను ఎదురుచూశాను, అనలేదు. తర్వాత మంచం అంచు పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, ఎవరినీ అడగకుండా లేచి నిలబడింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పి గ్లాసు నింపుకోవడం వినిపించింది. హాల్లో మేమంతా ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం.

ఆ చలికాలం ఆమె దాటలేదు. ఉన్నన్నాళ్ళూ మళ్ళీ "లేవనా?" అని అడగలేదు. లేవలేని రోజుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో కబుర్లు చెప్పేది, నేను తడబడుతూ తెలుగులోనే బదులు చెప్పేదాన్ని. నాకు ఈ నాలుగు ముక్కలు రాయడం వచ్చిందంటే ఆ రోజుల చలవే. కర్మలయ్యాక వచ్చినవాళ్ళు అదృష్టవంతురాలు, ఇంట్లో అందరి మధ్యా పోయింది అనేవారు. తాతయ్య అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయేవారు. ఆయన ఆ తర్వాత కూడా బేస్‌బాల్ చూశారు. కానీ కూర్చుని చూడలేదు. సోఫా వెనక నిలబడి, మధ్యమధ్యలో వెళ్ళి ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో చూసి వచ్చేవారు. కాళ్ళు నొప్పులు పుట్టి, ఇక నిలబడలేని వయసు వచ్చాక, చూడటమే మానేశారు.

బంతికీ మన కూర్చోవడానికీ సంబంధం లేదని తాతయ్య ఆ ఆదివారం నేర్పాలనుకున్నారు. అది నేను నేర్చుకున్నాను. దాంతోపాటు, లేస్తానన్న మనిషిని నవ్వుతూ కూర్చోబెట్టడం ఎంత సులువో కూడా తెలిసింది. ఎవరూ ఆమెను కట్టేయలేదు, ఒక్కరూ గట్టిగా కసరలేదు. అంతా ముద్దుగానే జరిగింది. అది తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. వాళ్ళకూ సెంటిమెంట్లున్నాయి, ఎవరు నేర్పారో దేవుడికే తెలియాలి. ఆట బిగుసుకునేసరికి, ఎవరూ కదలొద్దని అరుస్తారు. నేను వెంటనే లేస్తాను. దాహం లేకపోయినా వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగుతాను. వాళ్ళు నెత్తీ నోరూ బాదుకుంటారు, నీ వల్లే ఓడిపోతాం అంటారు. అననీ. తిరిగి వస్తూ గదిలో ఉన్న ఒక్కొక్కరి మొహం చూస్తాను, పెద్దవాళ్ళుంటే వాళ్ళ చేతులు పట్టుకుంటాను. వెచ్చగా ఉంటే అప్పుడు కూర్చుంటాను.